నిలవనీయని కాళ్ళు

1672లో లండన్ వైద్యుడు థామస్ విల్లిస్ తన లాటిన్ గ్రంథంలో కొందరు రోగుల గురించి రాశాడు. పక్క మీద వాలగానే వాళ్ళ కాళ్ళూ చేతులూ ఎగిరెగిరి పడేవట, రాత్రంతా చిత్రహింసేనట. 1861లో జర్మన్ వైద్యుడు థియోడోర్ విట్‌మాక్ ఇదే బాధకి లాటిన్‌లో 'కాళ్ళ ఆందోళన' అని పేరు పెట్టి, హిస్టీరియా ఖాతాలో వేశాడు.

ఆ ఖాతాలో ఎందుకు పడిందో మా ఆఫీసు భాషలో నాకు తేలిగ్గా అర్థమవుతుంది. టెస్టింగ్‌లో దొరకని బగ్‌ని "మా దగ్గర బానే పనిచేస్తోందే" అని మూసేస్తుంటాం. ఈ జబ్బూ అంతే. రాత్రిళ్ళు, కాస్త నడుం వాల్చగానే, కాళ్ళు కదపకుండా ఉండలేరు. లేచి నాలుగడుగులు వేస్తే తగ్గుతుంది, పడుకుంటే మళ్ళీ మొదలు. పొద్దున డాక్టరుకి చూపించడానికి ఏమీ మిగలదు, రోగి మాట తప్ప.

ఆ మాటనే సాక్ష్యంగా తీసుకున్నవాడు స్వీడన్ నాడీవైద్యుడు కార్ల్-ఆక్సెల్ ఎక్‌బోమ్. రోగుల వర్ణనలు పోగుచేసి 1945లో 'రెస్ట్‌లెస్ లెగ్స్' అని పుస్తకం వేశాడు. ఇనుము లోపంతో, గర్భంతో దీనికి సంబంధం ఉందనీ తేలింది. నిర్ధారణకి ఈనాటికీ ప్రధాన ఆధారం రోగి చెప్పేదే.

మన ఇళ్ళలో పెద్దవాళ్ళు "కాళ్ళు పీకుతున్నాయి, కాస్త తొక్కరా" అంటారు. ప్రతిసారీ అది ఈ జబ్బే కానక్కర్లేదు. కానీ "ఎప్పుడు పీకుతున్నాయి? నడిస్తే తగ్గుతోందా?" అని అడగడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు కదా.