ఘనగిరియు సముద్రయానమును

సభకు విచ్చేసిన కులబాంధవులును పోషకులును ఈ శీర్షికను జూచి నవ్వుకొందురేమో! ఉప్పుగాలియైన సోకని పెనుకొండకును ఓడలకును పొత్తేమని యడుగవచ్చును. శాసనములలో ఘనగిరి యనబడిన మన కొండకోటకు ఏ రేవును దగ్గఱ గాదు. అయినను విజయనగర రాజుల కాలమున వారి కోటలలో హేషించిన మేలుజాతి గుఱ్ఱములు సముద్రము దాటి వచ్చినవే.

ఆ జాతి గుఱ్ఱములు మన నేలను చక్కగా వృద్ధిచెందవు. కావున రాయలు హోర్ముజు, ఏడెను రేవులనుండి వానిని దెప్పించుకొనుచుండిరి. 16వ శతాబ్దమున వచ్చిన పోర్చుగీసు బేహారి నూనిజు, సాళువ నరసింహరాయల (1485-1491) గూర్చి యొక ముచ్చట వ్రాసియుంచెను. త్రోవలో చచ్చిన గుఱ్ఱమునకును ఆయన వెల యిచ్చెడివాడట. నడిసముద్రమున చచ్చినదాని తోక దెచ్చి చూపిన చాలునట! ఓడ యెక్కకమున్నే బేహారి గుండెలోని దిగులు సగము దీర్చిన ప్రభువాయన. విధి యెట్టిదో, ఆయన గతించిన పిమ్మట ఆయన కుమారుని నరస నాయకుడు మన పెనుకొండలోనే కావలియందుంచెను.

తెరచాప యోడకు రాజాజ్ఞకంటె గాలి పెద్ద. నైరుతిగాలి రేగిన నెలలలో పడమటి రేవులు మూతవడును. అదను దప్పిన బేహారి నెలలకొలది రేవున బడియుండి మూలధనము దినవలసినదే. ఎక్కించిన జంతువులకు గడ్డియు మంచినీరును చాలునో లేదో ముందే లెక్క చూడవలెను. నడుమ నంగడి యుండదు గదా.

తూర్పుతీరమున ఈ సాహస మింకను ప్రాచీనము. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు కొయ్యల యోడ గలదు. 2వ శతాబ్దమున టాలెమీ, సువర్ణభూమికి బోవు నోడలు తీరమును విడిచి నడికడలికి మరలు స్థానమును కృష్ణాముఖమునకు ఉత్తరమున గుర్తించెను. అచ్చట దాటినచో దరి మఱుగు.

ఓడ పగిలినచో? ఒడ్డునకు గొట్టుకొనివచ్చిన సరకును పూర్వరాజులు బలిమిని గైకొనుచుండిరని మోటుపల్లి శాసనమే యొప్పుకొనుచున్నది. 1244వ సంవత్సరమున కాకతి గణపతిదేవుడు ఆ దురాచారమును మాన్పి, ప్రాణముకంటె ధనము మిన్నయని కడలికెక్కిన వారియెడ దయదలచి, నియమిత సుంకముదప్ప సర్వమును విడిచితినని యభయ మిచ్చెను. సుంకము ముప్పదింటి కొకటి. బౌధాయనుడు సముద్రయానమును పతనహేతువులలో జేర్చెను. రాజేమో ఆ యాత్రికులకే కరుణ జూపెను!

ఇట నొకమాట విన్నవింపక తప్పదు. మనలో వంశచరిత్రలు వ్రాయువారు కొందఱు, అయ్యావళి ఐనూర్వర శాసనము లన్నియు మనవేయని యెక్కించుకొనుచున్నారు. సుమత్రాలోని బారుసునందలి 1088 నాటి శాసనము అరవభాషలోనిది. ఆ సమయమునందు పలు దేశములవారును పలు కులములవారును గలసియుండిరి. అందఱి కీర్తిని మనమొక్కరమే కొనిపోవుట వర్తకధర్మము గాదని మా యభిప్రాయము. ఆ మహాసమూహమున మనవారును నుండిరనుటకు నిదర్శనము లభించినంతవఱకే చెప్పుదము.

అందులకే మా ప్రార్థన. ఈ సీమలోని ప్రాతయిండ్ల యటకలపై గుఱ్ఱపు బేరముల పద్దులుగాని, రేవులతో నడపిన యుత్తరములుగాని, తాటాకు కవిలెలుగాని యున్నచో, చెదలకు విడువక ప్రతులు వ్రాయించి సంఘమునకు బంపుదురుగాక. అసలు పత్రములు మీయొద్దనే యుండవచ్చును.