ఓసీడీ సందేహం: తర్కదోషం వెనుక చరిత్ర

ఓసీడీ సందేహం అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అనే మానసిక రుగ్మతలో తరచు కనిపించే లక్షణం. కంటికి కనిపించిందీ చేతికి తగిలిందీ స్పష్టంగా ఉన్నా, 'ఒకవేళ అలా కాకపోతే?' అన్న ఊహ వాటిని పక్కకు నెట్టి మనసంతా ఆక్రమిస్తుంది. గొళ్లెం పెట్టిన మనిషి సందు చివరిదాకా వెళ్లి, వెనక్కి వచ్చి మళ్లీ చూసుకుంటాడు. గ్యాస్ కట్టేసిన ఇల్లాలు వంటింటికీ పడకగదికీ మధ్య తిరుగుతూ నిద్ర పోగొట్టుకుంటుంది. పూజలో కూర్చున్న భక్తుడు మనసులో దేవుణ్ణి తిట్టుకున్నానేమోనని స్తోత్రాన్ని మళ్లీ మొదటి నుంచి అందుకుంటాడు. చుట్టూ ఉన్నవాళ్లు దీన్ని చాదస్తమంటారు, అతిశుభ్రమంటారు, మరీ విసిగితే పిచ్చి అంటారు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే దేశంలోని వయోజనుల్లో ఓసీడీ 0.8 శాతం ఉందని లెక్కగట్టింది. ఈ సందేహం స్వభావంలోని లోపం వల్లనో భక్తి చాలకనో రాదు, ఒక నిర్దిష్టమైన తార్కిక పొరపాటు నుంచి పుడుతుంది అన్న అవగాహన మనోవైద్యంలో 1995లోనే సిద్ధాంత రూపం పొందింది. అయితే న్యాయమైన సందేహానికీ ఆధారం లేని శంకకూ మధ్య గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్నను భారతీయ నైయాయికులు, అంటే న్యాయశాస్త్ర పండితులు, అంతకు వెయ్యేళ్లకు పైగా ముందే పట్టుకున్నారు. ఆ చరిత్రలో తిరుపతి, చిత్తూరు సీమకూ వాటా ఉంది.

క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో రూపుదిద్దుకున్న గౌతముని న్యాయసూత్రాలు తెలుసుకోవలసిన 16 పదార్థాల్లో సంశయాన్ని మూడోదిగా చెప్పాయి. సంశయాన్ని దౌర్బల్యంగా నిందించకుండా విచారణకు తొలిమెట్టుగా గౌరవించడం ఆ శాస్త్రంలోని గొప్పతనం. బొత్తిగా తెలియని విషయం మీదా, నిర్ణయమైపోయిన విషయం మీదా తర్కం నడవదని, సందేహం ఉన్నచోటే నడుస్తుందని భాష్యకారుడు వాత్స్యాయనుడు వివరించాడు. నైయాయికుల పాత ఉదాహరణ అందరికీ తెలిసిందే. మసకచీకట్లో దూరాన నిలువుగా ఏదో కనిపిస్తుంది. అది మోడా, మనిషా? రెండింటికీ ఉండే ఎత్తు కనిపిస్తోంది గానీ, తొర్రో చేతులో, విడదీసి చెప్పగల గుర్తు మాత్రం కనిపించడం లేదు. అందుకే సంశయం పుట్టింది. పరస్పర విరుద్ధమైన మాటలు వినడం వంటి మరికొన్ని కారణాలనూ సూత్రకారుడు చెప్పాడు. అవన్నీ ఏదో ఒక అనుభవంలో వేళ్లూనినవే. దగ్గరికి వెళ్లి చేతులు చూశాక ఆ సంశయం దానంతటదే తీరిపోతుంది. ఓసీడీ సందేహం సరిగ్గా ఇక్కడే వేరుపడుతుంది. పట్టపగలు ఎదురుగా నిలబడి, చేతులూ కాళ్లూ చూస్తూ కూడా 'మోడేమో' అనిపించే స్థితి అది. నిర్ణయమైపోయిన విషయం మీద పుట్టింది కాబట్టి, ఎంత పరిశీలించినా దాన్ని తీర్చే కొత్త గుర్తు ఏదీ దొరకదు.

ఆధారం లేని శంకను ఎక్కడ ఆపాలన్న చర్చ 10వ శతాబ్ది చివర పదునెక్కింది. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందని ఎలా నమ్ముతాం, మరోచోట, మరోకాలంలో అలా కాకపోవచ్చు కదా అని చార్వాకులు అడిగేవారు. ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో దీనికి సొగసైన జవాబు చెప్పాడు. శంకించేవాడి నడతతో శంక ఎక్కడ విభేదిస్తుందో అక్కడ దానికి హద్దు పడుతుందన్నాడు. పొగ కావలసినవాడు వెతుక్కునేది నిప్పునే, ఆకలైనవాడు తినేది అన్నాన్నే. ఆ సంబంధాలను నిజంగా శంకించేవాడు అలా చెయ్యడు. 12వ శతాబ్దంలో శ్రీహర్షుడు ఖండనఖండఖాద్యంలో ఈ వాదాన్ని తిప్పికొట్టాడు. విభేదం ఉందంటే శంక ఇంకా ఉన్నట్టే, మరి అది శంకకు హద్దు ఎలా అవుతుందని అడిగాడు. 14వ శతాబ్దంలో గంగేశుడు తత్త్వచింతామణిలో బదులిస్తూ, శంకకు అడ్డుపడేది శంకించేవాడు చేసే పనే అన్నాడు. ఈ వాదానికి ఓసీడీ విషయంలో ఎంతో విలువ ఉంది. చేతికి మురికి అంటిందేమోనని గంటసేపు కడిగే మనిషి అదే కళ్లను నమ్మి రోడ్డు దాటుతాడు, చిల్లర లెక్కపెట్టుకుంటాడు, బస్సు బోర్డు చదువుకుంటాడు. ఇంద్రియాల మీద అపనమ్మకం ఆ ఒక్క విషయంలోనే ఉంది. అంటే చెడింది కన్ను కాదు.

17వ శతాబ్దపు అన్నంభట్టు దగ్గర ఈ కథ మన సీమకు వస్తుంది. అద్వైతవిద్యాచార్య తిరుమలుని కుమారుడైన ఈ తెలుగు పండితుడు కాశీలో స్థిరపడ్డాడు. ఆయన స్వస్థలం నాటి ఉత్తర ఆర్కాడులోని చిత్తూరు ప్రాంతమని ఒక వాదం, కృష్ణా తీరంలోని గరికపాడని మరో వాదం ఉన్నాయి. ఆయన తర్కసంగ్రహం, దానికి తానే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్య నేటికీ తర్క విద్యార్థులకు తొలి పాఠాలు. తిరుపతిలో 1961-62లో కేంద్రీయ సంస్కృత విద్యాపీఠంగా మొదలై, 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంగా మారిన సంస్థలో న్యాయశాస్త్రం పాఠ్యవిషయంగా ఉంది. అన్నంభట్టు సంశయాన్నీ విపర్యయాన్నీ, అంటే ముత్యపుచిప్పను వెండి అనుకునే భ్రమనూ, రెండు వేర్వేరు దోషాలుగా చూపాడు. వెండి అనుకున్నవాడికి అది వెండే, అతడికి ఊగిసలాట ఉండదు. ఓసీడీని ఉన్మాద భ్రాంతి నుంచి విడదీసే మనోవైద్యులు చెప్పేదీ దాదాపు ఇదే. అన్నంభట్టు వివరించిన అయిదు హేత్వాభాసాల్లో, అంటే తప్పుడు హేతువుల్లో, మూడు ఇక్కడ నేరుగా పనికొస్తాయి. 'క్రిములు కంటికి కనబడవు, ఈ బిందె మీద ఏమీ కనబడటం లేదు, కాబట్టి క్రిములున్నాయి' అనుకోవడం సవ్యభిచారం. ఏమీ కనబడకపోవడం క్రిములున్న బిందెకూ లేని బిందెకూ సమానమే కాబట్టి ఆ హేతువు దేన్నీ నిరూపించదు. గొళ్లెం పడి ఉండటం కళ్లెదుట కనిపిస్తున్నా తీసే ఉందేమోనని ఊహించడం బాధితం, ప్రత్యక్షం దాన్ని ముందే కొట్టేసింది. లేని ఆకాశకమలానికి సువాసన ఆపాదించినట్టు, జరగని నేరానికి శిక్ష ఊహించుకోవడం ఆశ్రయాసిద్ధం. నైయాయికులు రోగులకు చికిత్స చేయలేదు, రోగం గురించి రాయనూ లేదు. వాళ్లను మనోవైద్యులుగా చూపించడం అతిశయోక్తి అవుతుంది. అయినా సందేహాన్ని అది దేని గురించో చూసి గాక, ఏ ఆధారం మీద నిలబడిందో చూసి కొలవాలన్న పద్ధతి వాళ్లదే. చికిత్సాలయం ఆ పద్ధతిని చేరుకోవడానికి చాలాకాలం పట్టింది.

మధ్యలోని కాలంలో ఇలాంటి సందేహం మన దగ్గర మడి, మైల, దోషం, ప్రాయశ్చిత్తాల భాషలోనే ఎక్కువగా మిగిలిపోయింది. వైద్యగ్రంథాల్లో దానికి విడి అధ్యాయం ఫ్రాన్సులో మొదలైంది. 1838లో మనోవైద్యుడు ఎస్కిరోల్ ఒక యువతి ఉదంతం ప్రచురించాడు. 18 ఏళ్ల వయసులో మేనత్త ఇంటి నుంచి బయలుదేరుతూ, తన జేబులో ఆమె వస్తువేదైనా వచ్చేసిందేమోనని ఆ అమ్మాయికి భయం పట్టుకుంది. తర్వాత వ్యాపారంలో లెక్కలు తప్పు వేశానేమో, ఎవరి డబ్బో చేతికి అంటుకుందేమో అని అది ముదిరింది. ఆ భయం అర్థం లేనిదని ఆమెకు తెలుసు, అయినా వదిలించుకోలేకపోయింది. ఫాల్రే ఈ స్థితిని సందేహ వ్యాధి అన్నాడు. 1875లో లెగ్రాన్ ద్యు సోల్ సందేహోన్మాదం మీద ప్రత్యేక గ్రంథమే రాశాడు. జర్మనీలో 1877లో వెస్ట్‌ఫాల్, ఫ్రాన్సులో 1903లో జానే, వియన్నాలో 1909లో ఫ్రాయిడ్ తమ తమ వివరణలు ఇచ్చారు. 1966లో విక్టర్ మేయర్ తాకడానికి భయపడే వస్తువును తాకించి, కడుక్కోకుండా ఆపే చికిత్సకు దారి వేశాడు. 1967 నాటికి క్లోమిప్రమిన్ మందు ఓసీడీలో పనిచేస్తుందని గమనించారు. రోగులకు ఈ రెండూ నిజమైన మేలు చేశాయి. కాని సందేహం ఎలా పుడుతుందన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ఆ ప్రశ్నకు భారతదేశం నుంచి వచ్చిన ముఖ్యమైన సాక్ష్యం 1975 నాటిది. చండీగఢ్‌లోని పీజీఐ వైద్య సంస్థలో అఖ్తర్, విగ్, వర్మ తదితరులు 82 మంది రోగుల లక్షణాలను వాటి విషయాన్ని బట్టి గాక రూపాన్ని బట్టి వర్గీకరించారు. సందేహాలు, ఆలోచనలు, భయాలు, ప్రేరేపణలు, దృశ్యాలు అనే అయిదు రూపాల్లో సందేహమే అన్నిటికన్నా ఎక్కువగా, సుమారు ముప్పాతిక మందిలో, కనిపించింది. కొలవాల్సింది మురికిని కాదు, సందేహాన్ని అని చెప్పకనే చెప్పిన ఈ అధ్యయనానికి రావలసినంత పేరు రాలేదు.

1995లో మాంట్రియల్‌కు చెందిన కీరన్ ఓ'కానర్, సోఫీ రోబియార్ ఈ విషయాన్ని సిద్ధాంతంగా మలిచారు. రోగి ఒక సాధ్యతను నిజంగా జరిగే అవకాశంగా పొరబడతాడని, ఊహించిన కథలో లీనమై ఇంద్రియాలు చెప్పేదాన్ని వదిలేస్తాడని వారు వివరించారు. ఫ్రెడరిక్ ఆర్డెమాతో కలిసి ఓ'కానర్ తర్వాతి ఏళ్లలో దీనికి ఇన్ఫరెన్షియల్ కన్‌ఫ్యూజన్ అనే పేరునూ కొలమానాన్నీ చికిత్సా పద్ధతినీ స్థిరపరిచారు. ఈ కథ ఎలా అల్లుకుంటుందో చూడాలంటే వీధికుళాయి చాలు. కుళాయి దగ్గర ఎవరో దగ్గారు. పేపర్లో టీబీ గురించి వార్త వచ్చింది. క్రిములు ఒకరి నుంచి ఒకరికి సోకుతాయి. కాబట్టి ఇంట్లో ఉన్న నా బిందెకు టీబీ అంటింది. మొదటి మూడు వాక్యాలూ నిజమే. నాలుగోది మాత్రం వాటి నుంచి రాలేదు, పక్కన నిలబడి వాటి బలాన్ని అరువు తెచ్చుకుంది. దూరపు నిజాలను అతికించడం, సంబంధం లేని సంఘటనలను పోల్చడం, ముందు ముగింపు ఊహించి తర్వాత దానికి సాక్ష్యం వెతకడం వంటి ఎత్తుగడలను ఆ పరిశోధకులు వరుసగా గుర్తించారు. 2002లో పెలిసియే, ఓ'కానర్ ఓసీడీ ఉన్నవారి తర్కశక్తినే పరీక్షించారు. సూత్రం నుంచి ఫలితం రాబట్టే పరీక్షల్లో వారు ఇతరులకు తీసిపోలేదు. తాము చేరిన నిర్ణయానికి ఎదురుగా మరో సాధ్యత చూపించినప్పుడు మాత్రం వారి సందేహం ఇతరులకంటే పెరిగింది. ఇది తెలివితేటల సమస్య కాదనడానికి ఇంతకంటే నేరైన సాక్ష్యం అరుదు.

ఈ వివరణ మీద అభ్యంతరాలు లేకపోలేదు. తన భయం అర్థం లేనిదని రోగికే తెలిసినప్పుడు తర్కంతో పనేముందని కొందరు అడుగుతారు. రోగికి అర్థం లేదని తెలిసింది ముగింపు గురించే. ఆ ముగింపుకు తనను తీసుకొచ్చిన దారి ఆ వేడిలో అతడికి కనిపించదు. అలాంటప్పుడు వాదించి ఒప్పిస్తే సరిపోదా అని మరో ప్రశ్న. సరిపోదు. 'గ్యాస్ కట్టే ఉంది, నేను చూశాను' అని ఇంట్లోవాళ్లు వందసార్లు చెప్పినా, ఆ భరోసా మరో తనిఖీగా మారి సందేహాన్ని పోషిస్తుంది. అందుకే ఈ చికిత్స సందేహంలోని విషయాన్ని ఖండించకుండా, అది ఏ క్షణంలో ఇంద్రియాలను వదిలి ఊహలోకి దాటిందో రోగికి చూపిస్తుంది. క్రిములు నిజంగానే కనబడవు కదా, 2020లో చేతులు కడుక్కోమని ప్రభుత్వమే చెప్పలేదా అన్నది మూడో అభ్యంతరం. అప్పుడు ఎదుట వ్యాధి వ్యాపిస్తోంది, వైద్యుల మాట శబ్దప్రమాణంగా, అంటే నమ్మదగిన మాటగా, నిలిచింది, ఎంతసేపు కడగాలో కూడా చెప్పారు. ఆధారం ఉన్న జాగ్రత్తకు మొదలూ తుదీ ఉంటాయి. మడి విషయమూ ఇంతే. తిరుపతి ఇళ్లలో మడి కట్టుకునే పెద్దవాళ్లకు నియమం పూర్తవగానే మనసు కుదుటపడుతుంది. నియమం పూర్తయ్యాక కూడా 'సరిగ్గా చేశానా' అని మొదటికి వచ్చేది ఆచారం కాదు, రుగ్మత. ఇక ఫలితాల దగ్గరికి వస్తే, ఆర్డెమా బృందం 2022లో ప్రచురించిన బహుళ కేంద్ర పరీక్షలో 111 మందిని ఈ పద్ధతితో సహా మూడు చికిత్సలకు పంచారు. మూడింటిలోనూ లక్షణాలు తగ్గాయి, తీవ్రత తగ్గడంలో వాటి మధ్య గణనీయమైన తేడా కనిపించలేదు. కాబట్టి పాత చికిత్సను ఈ పద్ధతి ఓడించిందనడం సరికాదు. మురికిని బలవంతంగా తాకించే చికిత్సకు భయపడి మధ్యలో మానేసేవారికి మరో దారి దొరికింది, దాని విలువ చిన్నది కాదు. మెదడులోని వలయాల పాత్రను గానీ మందుల అవసరాన్ని గానీ ఈ వివరణ కాదనదు.

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినప్పుడు ఉత్తర ఆర్కాడు నుంచి వేరుపడింది గానీ, వైద్యం విషయంలో వెల్లూరుతో బంధం తెగలేదు. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల 1957లో బాగాయంలో ప్రారంభించిన మానసిక ఆరోగ్య కేంద్రం రోగితోపాటు కుటుంబసభ్యులనూ ఉంచి చికిత్స చేయడంలో దేశానికి మార్గదర్శి. భరోసా చెప్పి చెప్పి అలసిన ఇంటివాళ్లకు ఎలా మెలగాలో నేర్పడం ఓసీడీలో ఎంత అవసరమో తెలిసినవారికి ఈ ఏర్పాటు దూరదృష్టి అర్థమవుతుంది. మదనపల్లె వైపు వారికి బెంగళూరు నిమ్హాన్స్‌లోని ప్రత్యేక ఓసీడీ క్లినిక్ దగ్గర. తిరుపతిలో 1960లో స్థాపించిన శ్రీవేంకటేశ్వర వైద్య కళాశాలకు అనుబంధమైన రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 2017లో వచ్చిన మారుతి సినిమా 'మహానుభావుడు' ఓసీడీ అనే మాటను తెలుగిళ్లకు చేర్చింది. అందులో కనిపించేది శుభ్రత మీది పిచ్చి, హాస్యం. సందేహమూ దాని నరకమూ తెరమీదికి రాలేదు. దాంతో ఇల్లంతా చిందరవందరగా ఉన్నా తాళం దగ్గరే గంట నిలబడిపోయే మనిషికి తనదీ ఇదే రుగ్మత అని తట్టదు. అలాంటివారు తెలుగులోనే మాట్లాడి సలహా పొందేందుకు 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా అందుబాటులో ఉంది.