నురుగులో నడిచే అణువులు

విశాఖ సముద్రతీరమున సాయంకాలము వేళ గోలీసోడా కొట్టే చప్పుడు ఎరుగనివారుండరు. గోలీని లోపలికి నొక్కగానే కీచుమని కూత, వెంటనే గాజుగోడల వెంబడి బుడగల బారు. ఊరి వెలుపల తాటితోపులలో దించిన కల్లుకుండకు గోలీ లేదు, ఎవరూ దానిలోకి వాయువును ఎక్కించనూ లేదు. అయినా పొద్దెక్కేకొద్దీ నురుగు కడుతుంది. రెండింటిలోనూ ఉన్నది ఒక్కటే, బొగ్గుపులుసు వాయువు. సోడాలో దానిని మనము ఒత్తిడి పెట్టి ఎక్కిస్తాము. కల్లులో ఈస్టుకణములు చక్కెరను తిని, ఆల్కహాలుతోపాటు దానిని విడుస్తవి.

ఈ వాయువు ద్రవములో ఏ విధముగా నడుస్తుంది? ప్రశ్న చిన్నదే. సమాధానము చెప్పగల మార్గము దొరకడానికి మాత్రము రెండు వందల ఏండ్లు పట్టినది. ఆ మార్గము వేసినవారిలో ముఖ్యుడు ఒక హైదరాబాదు మనిషి. ఆయన పేరు మన తెలుగునాట ఎందరు ఎరుగుదురో మాకు సందేహమే.

కథ సారాబట్టీ దగ్గరనే మొదలైనది. 1767లో ఇంగ్లండులోని లీడ్స్ పట్టణమున జోసెఫ్ ప్రీస్ట్లీ అనే మతబోధకుడు బీరు కాచే బట్టీ పక్కన కాపురముండేవాడు. పులుస్తున్న తొట్లమీద నిలిచిన వాయువును నీటికి పట్టించి చూచినాడు. 1772లో ఆ విధానమును పుస్తకముగా అచ్చువేసినాడు. సరిగా నూరేండ్లకు, 1872లో, హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు గోలీసీసాకు పేటెంటు పొందినాడు. వాయువును నీటిలో బంధించడము ఇంతటితో తీరినది; అది లోపల ఏమి చేస్తున్నదో తెలియడము తీరలేదు.

1855లో అడాల్ఫ్ ఫిక్ అనే జర్మను వైద్యుడు వ్యాపనమునకు ఒక సూత్రము కట్టినాడు. చిక్కగా ఉన్న చోటినుండి పలుచగా ఉన్న చోటికి పదార్థము ఎంత వేగముగా పోతుందో అది చెబుతుంది. 1905లో ఐన్‌స్టీన్ దాని వెనుకనున్న తొక్కిసలాటను వివరించినాడు. అణువు ఎక్కడికీ పోదలచి పోవడము లేదు. చుట్టుపక్కలవారు తోస్తే అటొక అడుగు, ఇటొక అడుగు వేస్తుంది. ద్రవము ఎంత జిగటగా ఉంటే ఆ నడక అంత మందగిస్తుంది.

ఆ నడక ఎంత నెమ్మదియో ఒక లెక్క చూడండి. షాంపేన్ ద్రాక్షసారాలో బొగ్గుపులుసు వాయువు కేవలము వ్యాపనముతో ఒక సెంటీమీటరు దూరము పోవలెనంటే ఇంచుమించు పది గంటలు కావలెను. రెండు సెంటీమీటర్లంటే ఇరవై కాదు, నలభై గంటలు. మరి గ్లాసులో క్షణములో నురుగు ఎట్లా లేస్తున్నది? గ్లాసుకు అంటిన నూలుపోగులో చిక్కిన రవ్వంత గాలి ఆధారముగా బుడగ పుడుతుంది. దాని చుట్టూ వెంట్రుకవాసి దూరములోని అణువులు వచ్చి చేరితే చాలు. బుడగ ఊరి, విడివడి, పైకి తేలుతూ దారిలో మరికొన్నింటిని పోగుచేసుకుంటుంది. ఆ వెంట్రుకవాసి ప్రయాణములోనే అసలు రహస్యమున్నది. దానిని కంటితో చూడలేము.

ద్రవము లోపలికి చూడవలెనన్న కోరిక మన ఊరికి కొత్త కాదు. 1932లో వాల్తేరుకు వచ్చిన సూరి భగవంతముగారు ఆంధ్ర విశ్వవిద్యాలయములో కాంతితోనూ, చెవికందని ధ్వనితోనూ పదార్థమును పరిశోధించే సంప్రదాయమును నెలకొల్పినారు. కాని కాంతిగాని ధ్వనిగాని కోట్లకొలది అణువుల ఉమ్మడి మాటనే వినిపిస్తవి. ఒక్కొక్క అణువు నడకను వెంబడించడానికి వేరొక ఉపాయము కావలసివచ్చినది.

అనీసుర్ రహమాన్ 1927లో హైదరాబాదులో జన్మించారు. కేంబ్రిడ్జిలో చదివి, బెల్జియంలోని లూవేన్ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొంది, తిరిగి వచ్చి ఉస్మానియాలో అధ్యాపకులైనారు. 1960లో అమెరికా వెళ్లి ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో చేరారు. 1964లో, అనగా మా విశాఖ కేంద్రము ప్రసారములు ప్రారంభించిన మరుసటి ఏడు, ఆయన ద్రవరూపములోని ఆర్గాన్ వాయువును గురించి ఒక వ్యాసము ప్రకటించారు. (ప్రయోగశాల పేరుకూ వాయువు పేరుకూ చుట్టరికము లేదు, మన చెవికి ఒక్కటిగా వినబడుతవి, అంతే.)

అంతకు ముందు, 1957లో, ఆల్డర్, వెయిన్‌రైట్ అనే ఇద్దరు కంప్యూటరులో గట్టి గోలీల వంటి ఊహాకణములను ఢీకొట్టించి చూచారు. రహమాన్ నిజమైన ద్రవమునే ఎత్తుకొన్నారు. పరమాణువులు 864. అవి మరీ దగ్గరైతే నెట్టుకొంటవి, కొంచెము ఎడమైతే లాగుకొంటవి. సెకండులో నూరు లక్షల కోట్లవ వంతుకు ఒకమారు ప్రతి పరమాణువు మీది బలమును లెక్కించి, న్యూటను సూత్రము ప్రకారము దానిని జరుపవలెను. మళ్లీ లెక్కించి, మళ్లీ జరుపవలెను. 864 పరమాణువులకు జంటలు 3,72,816. దూరపు జంటలను వదలివేసినా ఇది మనుష్యులు చేయగల పద్దు కాదు. సీడీసీ 3600 అనే యంత్రము చేసినది.

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ ఉన్నది. ఆ యంత్రములో ద్రవము చుక్కైనా లేదు. కాగితము మీది పరమాణువులు నడిచినవని చెప్పితే అది ప్రకృతిని గూర్చిన జ్ఞానము ఎట్లా అవుతుంది? రహమాన్ దానిని వాదముతో తేల్చలేదు, కొలతతో పోల్చారు. లెక్కలో వచ్చిన వ్యాపన గుణకము ప్రయోగములో వచ్చినదానికంటె నూటికి 15 వంతులు తక్కువ. ఆ వ్యత్యాసమును ఆయన మూలకు నెట్టలేదు, వ్యాసము సారాంశములోనే వ్రాశారు. ఆ ఒక్క వాక్యమునకే మాకు ఆయనమీద గౌరవము రెట్టింపైనది. 1971లో స్టిల్లింజరుతో కలిసి 216 అణువుల నీటిని ఇట్లే నడిపించారు. 1987లో కాలధర్మము చెందారు. అమెరికా భౌతికశాస్త్ర సంఘము గణన భౌతికశాస్త్రములో ఆయన పేరిట ఒక బహుమానమును నెలకొల్పినది.

నీటి అణువులు నడిచిన తరువాత సారా రాక తప్పలేదు. 2014లో ఫ్రాన్సు దేశపు షాంపేన్ సీమలోని రీమ్స్ విశ్వవిద్యాలయమువారు ఈ పద్ధతినే తమ ద్రాక్షసారాకు పట్టించారు. ఆ పానీయములో పదివేల నీటి అణువులకు ఆల్కహాలువి ఇంచుమించు 440, బొగ్గుపులుసు వాయువువి 50 చొప్పున ఉంటవి. ఈ మూడింటినే లెక్కలోకి తీసుకొని, చక్కెరను, ఆమ్లములను, తక్కిన రుచిద్రవ్యములను వదలివేశారు. అయినా నిజమైన షాంపేన్‌ను అయస్కాంత అనునాద పద్ధతితో కొలిస్తే, లెక్కకూ కొలతకూ చక్కగా పొసగినది. అంటే నీటి తరువాత వాయువు నడకను శాసించేది ముఖ్యముగా ఆల్కహాలే. ఉత్త నీటిలో కంటె షాంపేన్‌లో ఆ నడక ఇంచుమించు నాలుగవ వంతు మందము. చల్లబరిస్తే జిగట పెరిగి ఇంకా మందగిస్తుంది. మంచులో పెట్టిన సీసా నిదానముగా పొంగడానికి ఇదొక కారణము. చల్లని నీరు వాయువును ఎక్కువగా పట్టి ఉంచడము మరొకటి.

మన కల్లుకుండ ఇంత సులువుగా లొంగదు. షాంపేన్ సీసాలో పులియడము ముగిసి, పాళ్లు స్థిరపడి ఉంటవి. కుండలోనో, ఈస్టు ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. చక్కెర తరుగుతుంది, ఆల్కహాలు పెరుగుతుంది, వాయువు పుట్టిన చోటనే బుడగ కడుతుంది. పొద్దున దించిన కల్లుకు పెట్టిన అణువుల పాళ్లు మధ్యాహ్నమునకు చెల్లవు. లెక్క మళ్లీ మొదటినుండి పెట్టుకోవలెను.