ఎండ కోసం వచ్చినవాళ్ళ ఊరు

ఫ్రాన్సు మధ్యధరా తీరంలో తూర్పు కొసన ఉన్న ఊరు మా మాంతోన్. గరవాన్ పేట దాటితే ఇటలీయే. వెనక ఆల్ప్స్ కొండలు ఉత్తరపు చలిగాలిని అడ్డుకుంటాయి, ముందు దక్షిణపు ఎండకు మెరిసే సముద్రం. అందుకే ఇక్కడ నిమ్మ పండుతుంది. 1848లో ఊరు మొనాకో రాజుల మీద తిరగబడటానికి ఆ నిమ్మకాయల మీది సుంకం కూడా ఒక కారణం. 1861లో మొనాకో మమ్మల్నీ, పక్కనున్న రోక్‌బ్రూన్‌నీ కలిపి 40 లక్షల ఫ్రాంకులకు ఫ్రాన్సుకు వదిలేసుకుంది.

ఇప్పుడు జనం సాబ్లెత్ బీచ్‌లో ఈతకొస్తారు, సాయంత్రం సముద్రపు ఒడ్డున నడుస్తారు. ఈ విహారమంతా క్షయరోగం పెట్టిన భిక్ష. 1859లో జేమ్స్ హెన్రీ బెన్నెట్ అనే ఇంగ్లీషు డాక్టరు ఊపిరితిత్తుల జబ్బుతో, బతుకు మీద ఆశ వదులుకుని ఇక్కడికి చేరాడు. కోలుకున్నాడు. ఈ వాతావరణం గురించి పుస్తకం రాశాడు. దాంతో యూరప్‌లోని డబ్బున్న రోగులు చలికాలం గడపడానికి ఈ దారి పట్టారు. 1869లో రైలూ వచ్చింది. క్షయకు మందు లేని ఆ రోజుల్లో ఎండ, గాలి, నడకలే వైద్యం. హోటళ్ళు ఎండకు ఎదురుగా లేచాయి, తోటలు పెరిగాయి.

కోలుకోనివాళ్ళ సంగతి తెలియాలంటే పాత ఊరి మెట్లెక్కాలి. ఒకప్పుడు కోట ఉన్న చోట ఇప్పుడు శ్మశానం ఉంది. ఇంగ్లీషు, రష్యన్, జర్మన్ పేర్లు. ఎన్నో రాళ్ళ మీద నడి వయసైనా రాని ఏళ్ళు. రగ్బీ ఆటకు ఆద్యుడని చెప్పుకునే విలియం వెబ్ ఎల్లిస్ 1872 నుంచీ ఇక్కడే ఉన్నాడు. 25 ఏళ్ళకే క్షయతో పోయిన చిత్రకారుడు ఆబ్రీ బియర్డ్‌స్లీ దీనికి పైనున్న మరో శ్మశానంలో ఉన్నాడు. మన తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో చాలామందికి తెలిసిన ప్రసంగీకుడు స్పర్జన్ కూడా 1892లో ఈ ఊళ్ళోనే కన్నుమూశాడు, దేహాన్ని లండన్ తీసుకెళ్ళారు. మా ఊరు చూడవచ్చినవాళ్ళని నేను ముందు ఈ పాత కోట శ్మశానానికే ఎక్కిస్తాను. రెండు దేశాల తీరమూ ఒక్క చూపుకి అందేది ఇక్కడి నుంచే.

కాలక్రమాన చలికాలపు ఊరు కాస్తా వేసవి ఊరైంది. ఫిబ్రవరిలో మాత్రం 1934 నుంచీ నిమ్మ పండుగ. బొమ్మలకు కట్టే పండ్లు చాలావరకు స్పెయిన్‌వి. మా నిమ్మ తక్కువ, ఖరీదెక్కువ. నన్నడిగితే ఊరేగింపు కన్నా కొండవాలు మడుల్లోని నిమ్మచెట్లే చూడదగ్గవి. చెట్ల మాటకొస్తే, ఊళ్ళోని వాల్ రామె తోటలో, ఈస్టర్ దీవి అడవిలో అంతరించిన తోరోమిరో చెట్టుని ఇంకా కాపాడుతున్నారు.

నడకకు మించిన నడక కాప్ మార్తాన్ చుట్టూ రాళ్ళ ఒడ్డున సాగే బాట. రోక్‌బ్రూన్ వైపు వెళ్తే వాస్తుశిల్పి లె కోర్బూజియే చెక్క గుడిసె వస్తుంది. చండీగఢ్ కట్టిన మనిషికి వేసవిలో ఆ చిన్న గదే చాలింది. 1965 ఆగస్టులో ఆయన పోయింది కూడా ఆ గుడిసె కింది సముద్రంలో ఈదుతూనే. నీళ్ళ సీసా, గట్టి చెప్పులు ఉంటే చాలు. సముద్రం పోటెత్తిన రోజున మాత్రం ఆ దారి వద్దు, అలలు బాట మీదికే వస్తాయి.