చక్రాల ఇంటికి టైల్స్ నేల

టైలుకు బరువంటే భయం లేదు. గట్టి ఆధారం మీద సరిగ్గా అతికిన పోర్సలిన్ పలక నిండు బీరువాను కూడా మోస్తుంది. కింద నేల వంగినా, పక్కకు సాగినా మాత్రం తట్టుకోలేదు. ముందు జాయింట్లలో సిమెంటు రాలుతుంది, తర్వాత పలకే చిట్లుతుంది. అందుకే తెలిసిన మేస్త్రి టైలు కంటే ముందు కింది నేలను చూస్తాడు. అమెరికా రోడ్ల మీద తిరిగే మోటర్‌హోమ్‌లో, అంటే చక్రాల ఇంట్లో, ఆ నేలకు నిలకడ లేదు. ఒక చక్రం గుంతలో దిగితే ఛాసిస్ మెలిపడుతుంది. ఎండకూ మంచుకూ, తేమకూ లోహం, ప్లైవుడ్ వేటి దారిన అవి సాగుతాయి, ముడుచుకుంటాయి. అలాంటి చోట టైలు నిలబడిందంటే ఆ ఘనత టైలుది కాదు, దాని కింద పరిచిన పొరది. నేను చెప్పదలచుకున్నది ఆ పొర కథే.

విహారం కోసం కట్టిన తొలి చక్రాల ఇళ్లను గుర్రాలు లాగాయి. నౌకాదళంలో వైద్యుడిగా పనిచేసి, పిల్లల కథలు రాసి పేరు తెచ్చుకున్న గోర్డన్ స్టేబుల్స్ కోసం 1885లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ‘వాండరర్’ అనే బండి తయారైంది. రెండు టన్నుల బరువు, రెండు గుర్రాలు. 1910లో పియర్స్ ఆరో కంపెనీ న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో టూరింగ్ లాండో అనే కారును ప్రదర్శించింది. అందులో వెనక సీటు వాలిస్తే పడక అయ్యేది. గుర్రమైనా తొలినాటి ఇంజనైనా, బరువే పెద్ద సమస్య. నేలకు తేలిగ్గా ఉండి, వంగినా విరగని సరుకు కావాలి.

అది అప్పటికే సిద్ధంగా ఉంది. ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ వాల్టన్ 1863లో లినోలియంకు పేటెంటు తీసుకున్నాడు. అవిసె నూనెను గాలి తగిలేలా ఉంచి చిక్కబరిచి, కార్కు పొడి కలిపి, గోనెబట్ట మీద పరిచేవారు. 1912లో బయల్దేరిన టైటానిక్‌లో మొదటి తరగతి వారి ప్రధాన మెట్ల దగ్గర నేలకు పరిచినవి కూడా లినోలియం పలకలే. 1930ల నాటి అమెరికాలో కారు వెనక లాగే ట్రైలరు ఇళ్లలోనూ అదే కనిపించేది.

తర్వాత వినైల్ వచ్చింది. గుడ్‌రిచ్ కంపెనీలో వాల్డో సీమన్ 1926లో, వినైల్‌కు మూలమైన పీవీసీని మెత్తబరిచే దారి కనిపెట్టాడు. 1933 చికాగో ప్రపంచ ప్రదర్శనలో వినైల్ నేల పలకలను జనం చూశారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్లలో బాగా వాడిన 9 అంగుళాల పలకల్లో ఆస్‌బెస్టాస్ కలిపేవారు. పాత ట్రైలరు కొని నేల పెకిలించబోయేవారు ముందు ఆస్‌బెస్టాస్ పరీక్ష చేయించి తీరాలి. విరిగితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. 1966లో అయోవా రాష్ట్రం ఫారెస్ట్ సిటీలో విన్నెబాగో కంపెనీ మోటర్‌హోమ్‌ల తయారీ మొదలుపెట్టి వాటిని మధ్యతరగతికి దగ్గర చేసింది. ఆ తరం బండ్లలో వినైల్ షీటు, తివాచీ రాజ్యమేలాయి.

ఈలోగా అసలు మార్పు టైలు కింద జరుగుతోంది. అంతకుముందు టైలు పరచాలంటే రెండు మూడు సెంటీమీటర్ల మందాన సిమెంటు మాలు వేయాలి. ఆ బరువు బండికి కుదరదు. 1956లో హెన్రీ రాత్‌బర్గ్ అనే కెమికల్ ఇంజనీరు సిమెంటు మాలులో రబ్బరుపాలలాంటి లేటెక్స్ కలిపి, కొన్ని మిల్లీమీటర్ల పొరతోనే టైలును గట్టిగా పట్టి ఉంచే పద్ధతి తెచ్చాడు. ఆయన పెట్టిన కంపెనీయే లాటిక్రీట్.

అతుకు గట్టిపడింది కానీ, కింది కదలిక నేరుగా టైలుకే చేరుతోంది. దీనికి విరుగుడు మనవాళ్లకూ తెలుసు: తాండూరు బండలో కడప బండలో పరిచేటప్పుడు కింద ఇసుక పోసేవారు. కింది నేల కాస్త జరిగినా ఆ కదలిక ఇసుకలోనే ఆగిపోతుంది. నాసాకూ ఇదే చిక్కు ఎదురైంది. స్పేస్ షటిల్ అల్యూమినియం ఒళ్లు వంగుతుంది, సాగుతుంది. దాని మీది సిలికా టైలు పెళుసు. నేరుగా అంటిస్తే పగులుతుందని, మధ్యలో నోమెక్స్ అనే నారతో చేసిన ఫెల్టు పొర పెట్టి సిలికోన్ జిగురుతో అతికించారు. అయినా 1979లో కొలంబియా అనే షటిల్‌ను విమానం వీపున ఫ్లోరిడాకు తరలించేటప్పుడు చాలా టైల్స్ ఊడిపోయాయి. వాటిని సరిచేసి 1981 ఏప్రిల్ 12న ఎగరేశారు.

ఇళ్లలో ఆ పని చేసే పొరను 1987లో జర్మనీకి చెందిన ష్లూటర్ కంపెనీ ‘డిట్రా’ పేరుతో తెచ్చింది. అది నారింజ రంగు పాలిథిలిన్ షీటు. అడుగున అంటించిన నూలులాంటి బట్ట ప్లైవుడ్‌ను పట్టుకుంటుంది. పైనున్న చదరపు గుంతల్లో టైలు మాలు నిండి బిగుసుకుంటుంది. ప్లైవుడ్ పక్కకు జరిగితే మధ్యలో షీటు సాగుతుంది. అయితే చాలామంది పొరబడేది ఇక్కడే: ఇది పక్క కదలికనే మింగుతుంది, నేల కిందికి వంగడాన్ని ఆపలేదు. అమెరికాలో సిరామిక్ టైలుకు ఒప్పుకునే వంపు పొడవులో 360వ వంతు, అంటే 3.6 మీటర్లకు ఒక సెంటీమీటరు. రాతి పలకలకైతే అందులో సగమే.

అందుకే టైలు ముందుగా పెద్ద డీజిల్ మోటర్‌హోమ్‌లలో, అంటే బలమైన ఛాసిస్, ఎయిర్ సస్పెన్షన్ ఉన్నవాటిలో స్థిరపడింది. 1990లో ఇండియానాకు చెందిన న్యూమార్ కంపెనీ బండి ఆగాక పక్కకు బయటికి జరిగే గదిని తేవడంతో లోపల చోటు పెరిగింది, దాంతో పాటు ఇంటిలా కనిపించాలన్న కోరికా పెరిగింది. కానీ ఆ గది రోలర్లు నేల మీద దొర్లే బండ్లలో భారమంతా సన్నటి గీత మీదే పడుతుంది. ఆ దారిలో టైలు వేయకపోవడమే మేలు.

బరువు లెక్క కూడా చూడాలి. 8 మిల్లీమీటర్ల పోర్సలిన్ చదరపు మీటరుకు సుమారు 18 కిలోలు. 10 చదరపు మీటర్లకు, మాలుతో కలిపి, 200 కిలోలు దాటుతుంది. అంత మేర నీళ్లో సామానో తగ్గించుకోవాలి.

వేసేటప్పుడు పాత తివాచీ తీసి, పుచ్చిన ప్లైవుడ్ మార్చి, వదులైన చోట స్క్రూలు దింపాలి. టైలు కింద ఎక్కడా డొల్ల ఉండకూడదు; తట్టి చూస్తే చప్పుడే చెబుతుంది. గోడ, అల్మరా అంచుల్లో సందు వదిలి గ్రౌటుకు (జాయింట్లలో నింపే సిమెంటుకు) బదులు సిలికోన్ నింపాలి. బండిని సమం చేసే జాకీలను ఒక మూల మాత్రమే పైకెత్తేలా వాడకూడదు. ఛాసిస్‌తో పాటు నేలంతా మెలిపడుతుంది.

చిన్న వ్యాన్‌ను ఇల్లుగా మార్చుకునేవారికి నేను వినైలే చెబుతాను. మరీ మనసైతే స్నానాల గదిలో చిన్న మొజాయిక్ వేసుకోవచ్చు. అక్కడ వైశాల్యం తక్కువ కాబట్టి బరువు పెరగదు, చిన్న పలకల మధ్య జాయింట్లు ఎక్కువ కాబట్టి కదలిక ఒక్కచోటే పడదు.