సయాటికా: మంచమెక్కనక్కరలేదు, ఏమరుపాటు తగదు

నడుములోనో పిరుదులోనో మొదలై, తొడ వెనుక భాగం, పిక్కల మీదుగా పాదం వరకు పాకే నొప్పిని సయాటికా అంటారు. కొందరికి అది మంటగా, మరికొందరికి కరెంటు కొట్టినట్లుగా ఉంటుంది. ‘నరం లాగుతోంది’, ‘డిస్కు జారింది’ అని జనం చెప్పుకొనే బాధల్లో ఇదొకటి. నొప్పికి తోడు, కాలు పడిపోతుందేమోనన్న భయం, ఆపరేషన్ తప్పదేమోనన్న బెంగ రోగిని కుంగదీస్తాయి. నిజానికి ఎక్కువమందికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లోగా ఆపరేషన్ లేకుండానే ఉపశమనం కలుగుతుంది. అయితే కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం గంటల ఆలస్యమూ ప్రమాదకరమే. ఈ రెండు పరిస్థితుల మధ్య తేడాను గుర్తించడం రోగికీ, కుటుంబ సభ్యులకూ అవసరం.

నొప్పి పుట్టేది ఎక్కడ?

శరీరంలోని నరాలన్నింటిలోకి లావైనది సయాటిక్ నరం. నడుము దిగువన వెన్నుపూసల మధ్య నుంచి వెలువడే ఐదు నరాల మూలాలు కలిసి ఇది ఏర్పడుతుంది. వెన్నుపూసల నడుమ మెత్తని దిండ్ల వలె ఉండే డిస్కుల పైపొర చిరిగి, లోపలి గుజ్జు వెలుపలికి పొడుచుకువస్తే ఆ మూలాలపై ఒత్తిడి పడుతుంది, వాటి చుట్టూ వాపు వస్తుంది. ఈ కారణాన్ని అమెరికా శస్త్రవైద్యులు మిక్స్టర్, బార్ 1934లో తమ పరిశోధన పత్రంలో వివరించారు. వయసు మళ్లినవారిలో వెన్ను నాళం ఇరుకు కావడం వల్ల కూడా ఈ బాధ వస్తుంది. వారికి నడిచినప్పుడు నొప్పి పెరిగి, కూర్చున్నా ముందుకు వంగినా తగ్గుతుంది.

ఈ వ్యాధి భారతీయ వైద్యానికి కొత్త కాదు. ఆయుర్వేదం దీనిని ‘గృధ్రసి’ పేరుతో వాత వ్యాధుల్లో చేర్చింది. రోగి నడక గద్ద నడకను పోలి ఉండటం వల్ల ఆ పేరు వచ్చిందని చెబుతారు.

దగ్గినా తుమ్మినా కాలిలో నొప్పి ఎక్కువ కావడం, పాదంలో తిమ్మిరి దీని లక్షణాలు. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకెత్తినప్పుడు నొప్పి కిందికి పాకుతుందా అని వైద్యులు పరీక్షిస్తారు. మడమలపైన, మునివేళ్లపైన నడిపించి కండరాల బలాన్ని అంచనా వేస్తారు.

విశ్రాంతి ఎంతవరకు?

నడుము నొప్పి రాగానే వారాల తరబడి మంచానికి పరిమితం కావాలన్న నమ్మకం ఒకప్పుడు వైద్యుల్లోనూ ఉండేది. నెదర్లాండ్స్‌లో 183 మంది సయాటికా రోగులపై జరిపి 1999లో ప్రచురించిన అధ్యయనం దానిని ప్రశ్నించింది. రెండు వారాలు పడక విశ్రాంతి తీసుకున్నవారికీ, వీలైనంత మేరకు రోజువారీ పనులు చేసుకున్నవారికీ ఫలితంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. 12 వారాల తర్వాత రెండు బృందాల్లోనూ 87 శాతం మంది మెరుగయ్యారు.

నొప్పి తీవ్రంగా ఉన్న ఒకటి రెండు రోజులు పడుకోవడంలో తప్పు లేదు. ఆ తర్వాత ఇంట్లోనే రోజుకు పలుమార్లు కొద్ది కొద్దిసేపు నడవడం మేలు. వెల్లకిలా పడుకుంటే మోకాళ్ల కింద, పక్కకు తిరిగితే మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోవచ్చు. కటిక నేలపైనే పడుకోవాలన్న నియమం లేదు. వేడి కాపడం కొందరికి హాయినిస్తుంది. నొప్పి కాస్త తగ్గాక ఫిజియోథెరపిస్టు సూచించిన వ్యాయామాలు మొదలుపెట్టాలి.

వరి నాట్లు వేసే కూలీలు, గంటల తరబడి బండి నడిపే డ్రైవర్లు, మగ్గం ముందు కూర్చునే నేతన్నలు మధ్య మధ్యలో లేచి నడుము చాచాలి. బరువు ఎత్తవలసివస్తే మోకాళ్లు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకొని లేవాలి.

మందులు, సూదులు

నొప్పి మాత్రలు కొందరికి తాత్కాలిక ఊరట ఇస్తాయి. కానీ వాటిని వైద్యుని సలహా లేకుండా రోజుల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. మధుమేహం, అధిక రక్తపోటు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మరింత జాగ్రత్త వహించాలి. సయాటికాకు తరచుగా రాసే ప్రీగాబాలిన్‌పై ఆస్ట్రేలియాలో 209 మందితో జరిపిన అధ్యయనం 2017లో వెలువడింది. ఉత్తుత్తి మాత్ర కంటే దానివల్ల అదనపు మేలు లేదని, తల తిరగడం మాత్రం ఎక్కువైందని అందులో తేలింది. అలాగని ఇప్పటికే వాడుతున్నవారు దానిని హఠాత్తుగా మానకూడదు.

పిరుదుకు వేసే ఇంజెక్షన్ చోటు తప్పితే సయాటిక్ నరమే గాయపడవచ్చు. శిక్షణ లేనివారి చేత సూది వేయించుకోవడం, వెన్నును తొక్కించుకోవడం, బలంగా విరిపించుకోవడం ప్రమాదకరం.

స్కానింగ్, ఆపరేషన్

ఎంఆర్ఐలో డిస్కు ఉబ్బినట్లు కనిపించినంత మాత్రాన అదే నొప్పికి కారణమని చెప్పలేం. 1994లో అమెరికాలో నడుము నొప్పి లేని 98 మందికి స్కానింగ్ చేయగా, సగానికి పైగా వ్యక్తుల్లో డిస్కు ఉబ్బు కనిపించింది. అందువల్ల రోగి లక్షణాలు, వైద్యుని పరీక్ష, స్కానింగ్ ఫలితం మూడూ ఒకదానితో ఒకటి సరిపోలాలి.

ఆరు నుంచి 12 వారాలుగా తీవ్ర సయాటికాతో బాధపడుతున్న 283 మందిపై జరిపిన నెదర్లాండ్స్ అధ్యయనం 2007లో ప్రచురితమైంది. వెంటనే ఆపరేషన్ చేయించుకున్నవారికి నొప్పి త్వరగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి మాత్రం రెండు బృందాల్లోనూ దాదాపు 95 శాతం మంది కోలుకున్నారు. వేచి చూసినవారిలో 39 శాతం మందికి తర్వాత ఆపరేషన్ అవసరమైంది. నొప్పి భరించగలిగితే వేచి చూడవచ్చని, భరించలేకపోతే ఆపరేషన్ సమంజసమైన మార్గమేనని దీని సారాంశం.

వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు?

• మూత్రం రాకపోవడం, మూత్ర మల విసర్జనపై అదుపు తప్పడం
• మర్మావయవాలు, మలద్వారం చుట్టూ స్పర్శ తగ్గడం
• రెండు కాళ్లలో నొప్పి, బలహీనత రావడం
• పాదం పైకి లేవక చెప్పు జారిపోవడం, బలహీనత రోజురోజుకూ పెరగడం

వీటిలో మొదటి మూడు వెన్ను అడుగున ఉండే నరాల గుత్తి నలిగిపోతోందనడానికి సంకేతాలు. సకాలంలో ఆపరేషన్ జరగకపోతే నష్టం శాశ్వతం కావచ్చు. సిగ్గుతోనో మొహమాటంతోనో ఈ లక్షణాలను దాచకూడదు. జ్వరం, బరువు తగ్గడం, రాత్రివేళ వదలని నొప్పి ఉంటే వెన్నుపూస క్షయ, క్యాన్సర్ వంటివి లేవని నిర్ధారించుకోవాలి. దేశంలో క్షయ ఇంకా విస్తృతంగా ఉన్నందున ఈ పరీక్షను వాయిదా వేయరాదు.

ఈ ప్రమాద సూచనలేవీ లేనప్పుడు సయాటికా రోగికి కావలసింది ధైర్యం, కదలిక, కొన్ని వారాల ఓర్పు. ఆరు వారాలు దాటినా నొప్పి తగ్గుముఖం పట్టకపోతే ఎముకల లేదా నరాల వైద్య నిపుణుణ్ణి సంప్రదించాలి.