రాజధానిలో మన వార్డు

జగ్గయ్యపేట దాటాక గరికపాడు. అక్కణ్ణించి రోడ్డు తెలంగాణలోకి పోతుంది. మా ప్రాంతపు సాయిబుల్లో చాలామందికి ఆ రోడ్డే అన్నం పెట్టింది. లారీ డ్రైవర్లు, క్లీనర్లు, మెకానిక్కులు, పళ్ల బండి పెట్టుకుందామని హైదరాబాదు పోయినవాళ్లు. అక్కడ మేం ‘ఆంధ్రావోళ్లం’. మా ఉర్దూ వింటే పాతబస్తీ వాళ్లకే నవ్వొస్తుంది. ఇక్కడికొస్తే ‘నైజాము తురకలం’. ఏ చిన్న తగాదా వచ్చినా రజాకార్ల మాట ఎత్తుతారు. మా తాతలు నిజాం పాలన ఎరుగరు. ఉత్తర సర్కార్లని నిజాం ఇంగ్లీషు కుంఫిణీకి రాసిచ్చింది 1766లోనే. అయినా ఆ మచ్చ మాకు తప్పలేదు.

మా నందిగామ తాలూకా సరిహద్దు ఎప్పుడూ తిన్నగా లేదు. మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యం, కానీ అది మా తాలూకాలోది. 1959లో గానీ నల్లగొండ జిల్లాలో కలవలేదు. పరిటాలది దీనికి తిరగేసిన కథ. చుట్టూ ఇంగ్లీషువాళ్ల జిల్లా, మధ్యలో నిజాం ఊరు. వజ్రాల గనుల మీద ఆశతో నిజాం దాన్ని వదులుకోలేదంటారు. 1947లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా పరిటాలకి రాలేదు. ఆ ఊరి జనం తామే స్వతంత్రం ప్రకటించుకున్నారు. దాన్నే పరిటాల రిపబ్లిక్ అంటారు. మరుసటేడు సెప్టెంబరులో హైదరాబాదు మీదికి సైన్యం కదిలినప్పుడు బెజవాడ నుంచి వెళ్లిన దళాలు మా ఊళ్ల మీదుగానే పోయాయి. పరిటాల సంగతి ఇక్కడ ఎందుకంటే, తమ ఊరు ఎవరి ఏలుబడిలో ఉండాలో ఊరే తేల్చుకున్న సందర్భం మా దగ్గర అదొక్కటే. తర్వాతవన్నీ ఢిల్లీలోనో హైదరాబాదులోనో తేలినవే.

2014 రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టం సంగతి చూడండి. అయిదో సెక్షన్ హైదరాబాదుని పదేళ్ల దాకా రెండు రాష్ట్రాలకీ ఉమ్మడి రాజధాని అంది. ఎనిమిదో సెక్షన్ ఉమ్మడి రాజధాని ప్రాంతంలో నివసించే అందరి ప్రాణానికీ, స్వేచ్ఛకీ, ఆస్తికీ గవర్నరుని ప్రత్యేక బాధ్యుణ్ణి చేసింది. శాంతిభద్రతలూ అందులోకే వచ్చాయి. గవర్నరు తెలంగాణ మంత్రివర్గాన్ని సంప్రదించాలి, నిర్ణయం మాత్రం తన సొంత విచక్షణతో తీసుకోవచ్చు. ఆ ఉమ్మడి రాజధాని ప్రాంతమంటే ఏమిటి? గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ హద్దులే. అంటే ఒక నగరపాలక సంస్థ పరిధి మీద పార్లమెంటు నియమిత పాలకుణ్ణి కాపలా పెట్టింది.

చట్టం ‘నివసించే అందరూ’ అంది. ఆ చట్టం కోసం కొట్లాడినవాళ్ల నోట్లో మాత్రం ఆ ‘అందరూ’ సీమాంధ్రులయ్యారు, అందులోనూ స్థలాలూ కంపెనీలూ ఉన్నవాళ్లయ్యారు. నందిగామ నుంచి పోయి టోలీచౌకీలో అద్దెకుంటున్న సాయిబు ఆ లెక్కలో లేడు. ఆ సెక్షన్ భయం మీద కట్టింది. భయపడేవాళ్లెవరో చెప్పారు, ఎవరిని చూసి భయమో చెప్పలేదు. చెప్పకపోయినా పాతబస్తీకి అర్థమైంది. హైదరాబాదుని కేంద్రపాలితం చేయడం శ్రీకృష్ణ కమిటీ 2010లో చూపిన ఆరు మార్గాల్లో ఒకటి. మజ్లిస్ దాన్ని వ్యతిరేకించింది. మజ్లిస్ రాజకీయాలతో నాకు పేచీ ఉంది, ఈ ఒక్క విషయంలో లేదు. ఢిల్లీ అనుభవం కళ్లముందే ఉంది కదా. 1991 రాజ్యాంగ సవరణతో అక్కడ శాసనసభ వచ్చింది గానీ పోలీసూ భూమీ కేంద్రం చేతిలోనే ఉండిపోయాయి. 2023 మే నెలలో సుప్రీంకోర్టు ఉద్యోగుల మీద అధికారం ఢిల్లీ ప్రభుత్వానిదంటే, ఆగస్టుకల్లా పార్లమెంటు చట్టం చేసి వెనక్కి లాక్కుంది.

2014 ఆగస్టులో కేంద్ర హోంశాఖ గవర్నరు అధికారాల మీద తెలంగాణకి లేఖ రాసింది. అది మా హక్కుల మీద దాడి అంది తెలంగాణ ప్రభుత్వం. 2015 జూన్‌లో ఓటుకు నోటు కేసు బయటపడ్డాక సెక్షన్ ఎనిమిది అమలు చేయాల్సిందేనని ఆంధ్ర మంత్రులు పట్టుబట్టారు. టీవీల నిండా అదే చర్చ. ఒక్కరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ నెలలో హైదరాబాదుకి ఎన్నికైన కార్పొరేషన్ ఉందా? లేదు. 2009లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2014 డిసెంబరులో ముగిసింది. తర్వాతి ఎన్నిక 2016 ఫిబ్రవరిలో. గవర్నరుదా, ముఖ్యమంత్రిదా అని ఇద్దరు కొట్లాడుకున్న ఆ నగరాన్ని మధ్యలో ఏలింది స్పెషలాఫీసరు. నూట యాభై వార్డుల జనం ఆ కొట్లాటలో ఎక్కడా లేరు.

ఇది తెలంగాణ వచ్చాక మొదలైన జబ్బు కాదు. హైదరాబాదు కార్పొరేషన్‌కి 1986లో ఎన్నికలు జరిగాయి, మళ్లీ జరిగింది 2002లో. అయిదేళ్లకోసారి ఎన్నికలు పెట్టి తీరాలన్న 74వ సవరణ 1993 జూన్‌లోనే అమల్లోకొచ్చింది. అంటే పార్లమెంటు తానే ఇచ్చిన హక్కుని రాష్ట్రం తొమ్మిదేళ్లు తొక్కిపెట్టింది. ఢిల్లీ పెత్తనం మీద గొంతు చించుకునే రాష్ట్రాలు తమ కింది మునిసిపాలిటీల దగ్గర అదే ఢిల్లీ అవుతాయి. పాతబస్తీలో నల్లా రాకపోతే, మోరీ పొంగితే, అడగడానికి కార్పొరేటరే లేని కాలం అది. ముస్లింకి చట్టసభల్లో సీటు దొరకడం కష్టం, వార్డులో అంత కష్టం కాదు. మాకు అందే మెట్టు అదొక్కటే, ముందు విరిగేదీ అదే.

ఇప్పుడు రాజధాని మా వైపుకే వచ్చింది. 2014 డిసెంబరులో చేసిన సీఆర్‌డీఏ చట్టం కింద నందిగామ కూడా రాజధాని ప్రాంతంలోకి చేరింది. అమరావతి ఊళ్లలో 2021 పంచాయతీ ఎన్నికలు పెట్టలేదు. 2022లో కొన్ని గ్రామాల్ని విడదీసి మునిసిపాలిటీ చేస్తామని గ్రామసభలు పెడితే, 29 గ్రామాల్నీ కలిపే ఉంచమని చాలా ఊళ్లు ఎదురు చెప్పాయి. రైతుల జెండాల కింద భూమి లేని కూలీలు, వాళ్లలో మావాళ్లు, ఎంతమంది మాట్లాడగలిగారన్నది వేరే రాయాల్సిన సంగతి. ఎదురు చెప్పడానికి ఒక సభ అయితే ఉంది. ఉమ్మడి రాజధాని విషయంలో హైదరాబాదు బస్తీలని ఆ మాత్రం కూడా అడగలేదు.

2024 జూన్ 2తో ఉమ్మడి రాజధాని గడువు తీరింది. గరికపాడు దగ్గర లారీలు ఎప్పట్లాగే ఆగి పోతున్నాయి. మా జగ్గయ్యపేట సంగతీ చెప్పాలి. 2014లో ఎన్నుకున్న మునిసిపల్ పాలకవర్గం 2019లో దిగిపోయింది. 2021 మార్చిలో రాష్ట్రంలో చాలాచోట్ల ఓట్లు పడ్డా మాకు పడలేదు. మేం ఓటేసింది ఆ ఏడు నవంబరులో. ఆ రెండేళ్ల పైచిలుకు మా వీధి మోరీ గురించి ఎవరిని అడగాలో మా గల్లీలో ఎవరికీ తెలియలేదు.